కప్పు పడని కల్యాణ మండపం: ఆలయ పునర్నిర్మాణం గురించి మతాలు ఏమంటాయి?

లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, ఏడు పడగల నాగలింగం ముందు ఫొటోలు దిగుతారు, కల్యాణ మండపం దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రశ్న వేస్తారు: స్తంభాలు ఇంత బాగా చెక్కినవాళ్లు పైకప్పు ఎందుకు వేయలేదు? జవాబుగా విరూపణ్ణ కథ వినిపిస్తుంది. ఖజానా సొమ్మంతా గుడికే పెట్టేశాడని రాజుకు చాడీలు వెళ్లాయనీ, కళ్లు తీయించమని రాజు ఆజ్ఞ ఇచ్చాడనీ, భటులు వచ్చేలోపే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడనీ, ఆ గోడ మీద ఎర్రటి మరకలు అవేననీ చెబుతారు. కథ విన్నాక రెండో ప్రశ్న రాక తప్పదు. పోనీ, ఇప్పుడైనా పూర్తి చేయొచ్చు కదా, డబ్బుకు కరువా, శిల్పులకు కరువా? పురావస్తు శాఖ నిబంధనలు చూపించి ఈ ప్రశ్న నోరు మూయించడం సులువు. కానీ అడిగేవాళ్లు భక్తితో అడుగుతున్నారు. కాబట్టి మతం ఏమంటుందో చూసే జవాబు చెప్పాలి. అలా చూస్తే నాకు తోచింది ఇది: పురాతన ఆలయాన్ని తిరిగి నిలపాలన్న బాధ్యతను మతాలు పోయినదానికే ముడిపెట్టాయి, అంటే ఆగిపోయిన పూజకో, ప్రతిష్ఠ జరిగి కూలిపోయిన రూపానికో. అక్కడ కూడా కట్టేందుకు ఎవరు అర్హులు, ఏ ప్రకారం కట్టాలి అనే రెండు షరతులు పెట్టాయి. లేపాక్షి మండపం ఏదీ పోగొట్టుకోలేదు. దాన్ని పూర్తి చేయడం మతం విధించిన పని అనడానికి ఆధారం కనబడదు.

ముందు గుడి సంగతి. కూర్మశైలమనే రాతిగుట్ట మీద 1530ల దశకంలో, అచ్యుతదేవరాయల పాలనలో, పెనుకొండ సీమలో అధికారం నెరపిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ ఈ ఆలయాన్ని కట్టించారు. శాసనాల్లో కనిపించే విరూపణ్ణ దాత, కథలో వినిపించే విరూపణ్ణ నిందితుడు. లోపలి మండపాల కప్పు మీది చిత్రాల్లో ఆ అన్నదమ్ములు పరివారంతో సహా స్వామిని కొలుస్తూ కనిపిస్తారు. ఆ చిత్రాల్లోనే పార్వతీ పరిణయం కూడా ఉంది. వెలుపలి ప్రాకారంలో, ఆకాశం కింద, కల్యాణ మండపం స్తంభాల మీద అదే పెళ్లికి వచ్చిన దేవతలూ ఋషులూ రాతిలో నిలబడి ఉన్నారు. రంగుల్లో జరిగిపోయిన పెళ్లి రాతిలో మాత్రం పందిరి పడక ఆగింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. విరూపణ్ణ రెండూ ఒకే చోట తలకెత్తుకున్నాడు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. గర్భగుడిలో వీరభద్రుడికి నేటికీ పూజ జరుగుతోంది, శివరాత్రి ఉత్సవాలు జరుగుతున్నాయి. ఆగినది ఒక మండపం పని మాత్రమే.

పూజే ఆగిపోతే ఒక మతం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి జెరూసలేం కంటే పెద్ద ఉదాహరణ లేదు. సొలొమోను కట్టించిన ఆలయాన్ని క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు కాల్చేశాడు. పర్షియా చక్రవర్తి కోరెషు అనుమతితో బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన యూదులు రెండో ఆలయాన్ని క్రీ.పూ. 516 ప్రాంతంలో పూర్తి చేశారు. ఆ కథ చెప్పే ఎజ్రా గ్రంథంలో మన ప్రశ్నకు పనికొచ్చే మూడు వివరాలున్నాయి. తిరిగి వచ్చినవాళ్లు మొదట నిలబెట్టింది బలిపీఠాన్ని. ఆలయానికి పునాది వేయకముందే నిత్యబలులు మొదలయ్యాయి. పునాది వేసిన రోజున, మొదటి ఆలయాన్ని చూసిన ముసలివాళ్లు బిగ్గరగా ఏడ్చారు, కుర్రవాళ్లు కేకలు వేసి సంతోషించారు, ఏది ఏడుపో ఏది సంతోషమో విడదీయలేకపోయారట. ఇక పొరుగువాళ్లు వచ్చి మేమూ మీతో కలిసి కడతామంటే యూదు పెద్దలు ఒప్పుకోలేదు. గొడవ ముదిరి పర్షియా రాజు దరియావేషు ఏలుబడి రెండో ఏడు దాకా పని నిలిచిపోయింది. ఆ మధ్యకాలమంతా వాళ్లకు పీఠముంది, గుడి లేదు. అయినా మతం నడిచింది. పూజ ముందు, కట్టడం తరువాత అనే వరుస, కట్టే చేతులు ఎవరివన్న పట్టింపు, రెండూ అంత పాతవి. దావీదు అంతటి రాజుకే, యుద్ధాల్లో రక్తం చిందించావు కనుక నువ్వు కట్టకూడదు, నీ కొడుకు కట్టాలి అని దైవాజ్ఞ వచ్చినట్టు దినవృత్తాంతాలు చెబుతాయి.

ఆ రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ నేలమట్టం చేశాడు. బలులు ఆగిపోయాయి. తర్వాత యూదు ధర్మం చేసిన పని నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది. యవ్నె పట్నంలో యోహనాన్ బెన్ జక్కై, ఆయన శిష్యులు బలి స్థానంలో ప్రార్థననూ, శాస్త్ర పఠనాన్నీ, దయతో చేసే పనులనూ నిలబెట్టారు. బలి నియమాలను చదివినవాడు బలి ఇచ్చినవాడితో సమానమన్నది యూదుల ధర్మచర్చల సంకలనమైన తల్మూదు. కూలిపోయిన ఆలయపు కొలతలను యూదుల తొలి ధర్మసంహిత మిష్నా అంగుళం అంగుళం రాసిపెట్టుకుంది. అలాగని ఆశ వదులుకోలేదు: ఆలయం మళ్లీ రావాలని యూదులు రోజుకు మూడుసార్లు ప్రార్థిస్తారు. కానీ ఎవరు తెస్తారన్న దగ్గర పెద్దలు విడిపోయారు. మూడో ఆలయం కట్టి సిద్ధంగా ఆకాశం నుంచి దిగుతుందని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ అన్నాడు. ఆలయం కట్టడం మనుషుల మీద ఉన్న ఆజ్ఞేననీ, దాన్ని నెరవేర్చేవాడు మెస్సీయ రాజనీ 12వ శతాబ్దపు మైమోనిదేసు అన్నాడు. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో ఆలయ వివరాలున్నా అవి స్పష్టంగా లేవని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. అంటే ఆజ్ఞ ఉంది. అర్హుడు ఇంకా రాలేదు, నకశా పూర్తిగా తెలియదు. దీనికి తోడు శవస్పర్శ దోషం పోగొట్టే ఎర్రావు బూడిద లేదు, అతి పవిత్ర స్థలం సరిగ్గా ఎక్కడుందో తేలలేదు. అందుకే 1967 యుద్ధంలో ఆలయం ఉండిన కొండ ఇజ్రాయెల్ చేతికి వచ్చాక కూడా, యూదులు దాని మీద కాలు పెట్టకూడదని ప్రధాన రబ్బీలే ఆజ్ఞాపించారు. దీన్ని అంగీకరించనివాళ్లూ ఉన్నారు. 19వ శతాబ్దంలో కాలిషర్ అనే రబ్బీ బలులు మళ్లీ మొదలుపెట్టవచ్చని వాదించాడు. 1987లో ఏర్పడిన టెంపుల్ ఇన్‌స్టిట్యూట్ యాజకుల దుస్తులూ దీపస్తంభమూ చేయించి సిద్ధంగా ఉంచింది. మరోవైపు సంస్కరణవాద యూదులు బలుల కోసం చేసే ప్రార్థనలనే తమ పుస్తకాల నుంచి తీసేశారు. ఆ కొండ మీద 7వ శతాబ్దం చివరి నుంచి ముస్లింల డోమ్ ఆఫ్ ది రాక్ ఉంది, అల్ అక్సా ఉంది. 1984లో ఆ గోపురాన్ని పేల్చివేయాలన్న కుట్ర పట్టుబడిందంటే, ఈ వాదం పుస్తకాల్లోనే ఉండిపోలేదని అర్థం.

క్రైస్తవుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. క్రీస్తు దేహమే ఆలయమనీ, ఆయన బలితో బలులు తీరిపోయాయనీ ఎక్కువ సంఘాలు నమ్ముతాయి. కొన్ని ఎవాంజెలికల్ శాఖలు మాత్రం అంత్యకాలానికి ముందు మూడో ఆలయం లేవాలని ఎదురుచూస్తాయి. తెలుగు నేల మీదా యూదులమని చెప్పుకునే చిన్న సమాజం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు తమ ప్రార్థనా మందిరాన్ని నడుపుకుంటున్నాయి. తమ పూర్వీకులని వారు చెప్పుకునే ఎఫ్రాయిము గోత్రపు భూమిలోనే, జెరూసలేం ఆలయం పుట్టకముందు, షిలోహులో ఆరాధనా గుడారం ఉండేది. దాన్ని తిరిగి నిలపాలని ఎవరూ అడగరు, ఎందుకంటే అక్కడి పూజ మరోచోటికి వెళ్లిపోయింది. ఇంకో ఉదాహరణ నైలు నదిలోని ఎలిఫెంటైన్ ద్వీపానిది. అక్కడి యూదుల ఆలయాన్ని క్రీ.పూ. 410లో పడగొట్టారు. మూడేళ్లకు వాళ్లు యూదయ పాలకుడికి రాసుకున్న అర్జీ పపైరస్ మీద నేటికీ ఉంది. అనుమతి వచ్చింది, కానీ ధాన్యం, ధూపం సమర్పించుకోమన్నారే గాని జంతుబలి మాటే ఎత్తలేదు. పోయినదాన్ని తిరిగి నిలిపేటప్పుడు కూడా పాతది ఉన్నదున్నట్టుగా రాలేదు.

ఇప్పుడు మన ఆగమాల వైపు రావాలి. యూదుల చిక్కు మనకు లేదని చాలామంది అనుకుంటారు. శివుడికి ఒకే కొండ, ఒకే గుడి అన్న నియమం లేదు కాబట్టి ఎక్కడైనా కట్టవచ్చు, ఎప్పుడైనా కట్టవచ్చు అంటారు. నిజమే, కానీ ఉన్న గుడి మీద చేయి వేయడానికి మన శాస్త్రం పెట్టిన షరతులు తక్కువేమీ కావు. పన్నెండేళ్లకోసారి కుంభాభిషేకం, సంప్రోక్షణ అనే ఆచారం ఉంది. మరమ్మతు కాలంలో మూలమూర్తి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయమనే తాత్కాలిక గుడిలో పూజ సాగిస్తారు. రాయి కదిలినా పూజ ఆగకూడదన్నది దీని సారం. ఎజ్రా కథలో గుడి కంటే ముందు నిలిచిన పీఠానికి ఇది దగ్గరి చుట్టమే. శిల్పశాస్త్ర గ్రంథం మయమతంలో జీర్ణాలయాల మరమ్మతుకు ఒక అధ్యాయమే ఉంది. లోపం ఉన్న ఆలయాన్ని స్థపతి తిరిగి సమగ్రం చేయవచ్చని అది ఒప్పుకుంటుంది. వెంటనే హద్దులు గీస్తుంది: ఎత్తూ వెడల్పూ మొదటివే ఉండాలి, మొదట లేనిదేదీ చేర్చకూడదు, మొదటి రూపాన్నే అనుసరించాలి, తెలిసినవాళ్లను అడగాలి. ఈ మాటలు పురావస్తు శాఖ కరపత్రంలో చదివితే తెల్లవాడి చాదస్తమంటాం. అవి మన గ్రంథంలోనే ఉన్నాయి. యజమాని, ఆచార్యుడు, స్థపతి, ఈ ముగ్గురూ కుదిరితేనే ఆలయం పని అన్నది సంప్రదాయం. లేపాక్షిలో యజమాని విరూపణ్ణ. ఆయన సంకల్పం ఏమిటో స్తంభాల వరకే తెలుసు. పైన కప్పు ఎలా రావాలో, మధ్యలో ఏ పద్మం విచ్చుకోవాలో రాతిలో పడలేదు. మొదటి రూపాన్ని అనుసరించమన్న శాస్త్రానికి, ఇక్కడ అనుసరించడానికి మొదటి రూపమే లేదు.

తెలుగు నేల మీద గత కొన్ని దశాబ్దాల్లో జరిగిన పనులన్నీ ఒకే రకమైనవి కావని గమనిస్తే విషయం తేటపడుతుంది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. అక్కడ ఉన్నది పోయింది, పోయినదాన్ని నిలిపారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం నేల కుంగి ఒరిగిపోతే, 2006లో రాళ్లకు గుర్తులు వేసి విప్పదీశారు, తిరిగి పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. అక్కడ ఎక్కువ రాళ్లు పాతవే, వాటి స్థానాలూ తెలిసినవే. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో నిలబెట్టారు. యాదగిరిగుట్టలో స్వయంభువు ఉన్న గుహను ముట్టుకోకుండా చుట్టూ ఆలయమంతా నల్లరాతితో కొత్తగా కట్టి 2022 మార్చిలో తెరిచారు. దాని అందం గురించి ఎవరి అభిప్రాయం వారిది (నాకైతే ఆ స్తంభాల్లో అచ్చుపోసిన పోలిక కొంచెం ఎక్కువ). కానీ అది నడుస్తున్న క్షేత్రాన్ని విస్తరించడం. మొదటి మూడింటిలో పోయినదో, పోబోతున్నదో ఉంది. చివరిదానిలో భక్తుల రద్దీ అనే అవసరం ఉంది. లేపాక్షి మండపం ఈ నాలుగింటిలో దేని పక్కనా నిలబడదు.

అయితే దీనికి అడ్డు తగిలే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటవేస్తే వాదన నిలవదు. శ్రీరంగం రాజగోపురం పని అచ్యుతదేవరాయల కాలంలోనే, అంటే లేపాక్షి గుడి లేచిన రాజు కాలంలోనే, మొదలై ఆయన తరువాత మొండిగా ఆగిపోయింది. నాలుగు వందల ఏళ్లకు పైగా అది మొండిగోపురంగానే ఉంది. అహోబిల మఠం 44వ జీయరు పూనుకుని, 1987లో 13 అంతస్తులతో, 236 అడుగుల ఎత్తున పూర్తి చేయించారు. అదే రాజు, అదే శతాబ్దం, అదే అసంపూర్తి. శ్రీరంగనాథుడి గోపురానికి తగినది వీరభద్రుడి మండపానికి ఎందుకు తగదు? ఆగమం దీన్ని నిషేధించదని నేను ఒప్పుకుంటాను. కానీ చేయవచ్చు అన్నది వేరు, చేసి తీరాలి అన్నది వేరు. శ్రీరంగంలో మఠాధిపతి సంకల్పం ఉంది కాబట్టి కట్టేవాడెవరన్న షరతు తీరింది. గోపురానికి అంతస్తుల లెక్క, తగ్గింపు లెక్క శాస్త్రంలో ఖాయం. రాతి అధిష్ఠానం నిలబడి ఉంటే దాని మీద ఇటుక, సున్నం పనితో ఎంత ఎత్తు లేపాలో కొలిచి చెప్పవచ్చు. దక్షిణాదిలో ఆ పైభాగాన్ని తరతరానికీ మరమ్మతు చేసుకుంటూనే ఉంటారు. కల్యాణ మండపం అలాంటిది కాదు. అక్కడ స్తంభమే శిల్పం. పైన దూలాలూ బండలూ ఎక్కిస్తే ఐదు వందల ఏళ్లుగా అంత బరువు మోయని రాయి ఇప్పుడు మోయాలి. ఏ పెళ్లి చుట్టాన్ని చూడటానికి జనం వస్తున్నారో ఆ మొహమే చీకట్లో పడుతుంది. పైగా అనంతపురం సీమలోనే తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయ గోపురాలు మొండిగానే ఉన్నాయి. వాటి కింద నుంచి భక్తులు రోజూ లోపలికి వెళ్తున్నారు, దోషమని ఎవరూ వెనక్కి తిరగరు.

దోషం మాట వచ్చింది కాబట్టి దాన్నే చూద్దాం. అసంపూర్తి ఆలయం అరిష్టమన్న నమ్మకం ఉత్తదేమీ కాదు. 2024 జనవరి 22న అయోధ్యలో బాలరాముడి ప్రాణప్రతిష్ఠకు ముందు ఇదే వాదన దేశమంతా వినిపించింది. శిఖరం పూర్తికాని గుడిలో ప్రతిష్ఠ శాస్త్రసమ్మతం కాదని జ్యోతిర్మఠ శంకరాచార్యులు అన్నారు. గర్భగృహం సిద్ధమైతే చాలునని అవతలి పండితులు జవాబిచ్చారు. ఆ వేడిలోనే, ప్రతిష్ఠకు ఆరు రోజుల ముందు, ప్రధాని లేపాక్షి వచ్చి వీరభద్రుణ్ణి దర్శించుకుని రంగనాథ రామాయణ పద్యాలు విని వెళ్లారు. అసంపూర్తి గురించి దేశం వాదించుకుంటున్న వారంలో అసంపూర్తి మండపం ఉన్న గుడికి ఆయన రావడం యాదృచ్ఛికమే కావచ్చు. మనకు కావలసింది ఆ వాదన హద్దు. రెండు పక్షాలూ తగువుపడింది గర్భగృహం గురించీ, దాని మీది శిఖరం గురించీ. వెలుపలి మండపం ఒకటి పూర్తికాలేదు కనుక లోపలి పూజ చెల్లదని ఇరుపక్షాల్లో ఎవరూ అనలేదు. సోమనాథ్‌లో కూడా 1951 మే 11న రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా ప్రతిష్ఠ జరిగేనాటికి గుడి పూర్తికాలేదు. మిగతా నిర్మాణం దశాబ్దాల తరబడి సాగి 1995కు గాని ముగియలేదు. ఆ మధ్య నలభై ఏళ్ల పూజను ఎవరు కాదనగలరు?

ఇంకో అభ్యంతరం పురాణం నుంచి రావచ్చు, అది మిగతావాటికంటే సొగసైనది. లేపాక్షి దేవుడు వీరభద్రుడు. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసినవాడు ఆయనే. కానీ కథ అక్కడ ఆగదు. దేవతలు వేడుకుంటే శివుడు శాంతించి, దక్షుడికి మేక తల అతికించి బతికించాడు, భంగమైన యజ్ఞం పూర్తయింది. మధ్యలో ఆగినదాన్ని పూర్తి చేయడమే శివధర్మమని దీన్నుంచి వాదించవచ్చు. ఐతే ఆ కథలో యజ్ఞం పూర్తయింది పాత యజమాని చేతనే, అవమానం దిద్దుకున్నాకే. విరూపణ్ణ లేడు, ఆయన తరఫున మాట్లాడే హక్కు ఏ మంత్రిత్వ శాఖకూ ఏ దాతకూ రాసిపెట్టి లేదు. రోమన్ చక్రవర్తి జూలియన్ క్రీ.శ. 363లో యూదుల ఆలయాన్ని తానే కట్టిస్తానని పూనుకుని, పునాదుల్లో మంటలు లేచి పని ఆగిపోయినప్పుడు, యూదుల గ్రంథాలు ఆ సంగతి దాదాపు పట్టించుకోనే లేదు. సొమ్ము పెట్టినంత మాత్రాన పెట్టినవాడు ఆలయకర్త కాలేడు.

పురావస్తు శాఖ మీద ఊరివాళ్లకున్న కోపం వేరే సంగతి, అది న్యాయమైనదే. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడంలో పూజ ఉంటే దాని స్వభావానికి విరుద్ధమైన వాడకం ఉండకూడదు, అంటే చట్టం పూజకు శత్రువు కాదు. కానీ 2010 సవరణతో కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణంపై నిషేధం చట్టంలోకే ఎక్కింది, ఆపైన 200 మీటర్లకు అనుమతి తప్పనిసరి అయింది. గుడిని ఆనుకునే ఇళ్లున్న లేపాక్షి లాంటి ఊరికి ఇది చిన్న భారం కాదు. ఊరివాడికి ఇంటి మీద గది వేసుకునే వీలు లేనప్పుడు, గుడిలో మండపం పూర్తి చేయకండని చెప్పే శాఖ మాట వాడి చెవికి ఎక్కదు. ఈ కోపాన్ని తీర్చాల్సింది ఇళ్ల నిబంధనలు సరిచేసి. మండపానికి కప్పు వేసినంత మాత్రాన ఆ కుటుంబాలకు ఒరిగేది లేదు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో లేపాక్షి చేరినప్పటి నుంచి ఈ ఒత్తిడి తగ్గదు, పెరుగుతుంది.

మన ప్రాంతపు ధార్మిక ఆలోచనలో కట్టడానికి ఉన్న చోటెంతో కూడా చూడాలి. వీరభద్రుణ్ణి ఇష్టంగా కొలిచే వీరశైవుల పరంపర బసవేశ్వరుడి నుంచీ రాతిగుడి గొప్పను శంకిస్తూనే వచ్చింది; ఇష్టలింగం మెడలో ఉన్నవాడికి మండపం ఉన్నా లేకున్నా ఒకటే. లేపాక్షి ఉన్న జిల్లాలోనే కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన గుడిరాళ్ల గురించి ఏమన్నాడో తెలుగువాళ్లకు గుర్తుచేయనక్కర్లేదు. ఈ విమర్శకులు ఒకవైపు. కట్టేవాళ్ల పరంపర కూడా గుడిని ఒంటరిగా చూడలేదు. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, ప్రబంధం, పుత్రుడు అని సప్తసంతానాల్లో గుడికి చెరువు సాటిది. విజయనగర రాజవంశీకుడు భాస్కరుడు 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించి వేయించిన శాసనం చెరువు గుణదోషాలను శాస్త్రంలా చెబుతుంది, రోజూ వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేశారని లెక్క చూపుతుంది. ఏడాదికి 55 సెంటీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని అనంతపురం సీమలో అలాంటి పుణ్యం చిన్నది కాదు. విరూపణ్ణ ఖజానా కథ ఇంతకాలం బతకడానికి కారణం ఇదేనేమో: కరువు నేల మీద గుడికి ఎంత ఖర్చు పెట్టొచ్చన్న ప్రశ్నను జనం ఆ రూపంలో దాచుకున్నారు. దానికి జవాబు కథలో లేదు. కళ్లు పోగొట్టుకున్నవాడి మీద జాలీ, ఖజానా మీద బెంగా రెండూ ఉన్నాయి.

పూర్తి చేయనక్కర్లేదంటే ఏమీ చేయనక్కర్లేదని కాదు. పోయినదాన్నీ పోతున్నదాన్నీ నిలపమని మతం అంటుంది కదా, లేపాక్షిలో పోతున్నవి లోపలి మండపాల కప్పు మీది రంగులు. సున్నపు పూత మీద ఖనిజ వర్ణాలతో వేసిన కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, నిలువెత్తు కంటే ఎన్నో రెట్లు పెద్దదైన వీరభద్రుడు, అన్నీ అక్కడక్కడా పెచ్చులు రాలి, మసకబారి ఉన్నాయి. పైకప్పు బండల కీళ్లలోంచి దిగే తేమ వాటికి ఒక శత్రువు, నూనె దీపాల మసి, కర్పూరపు పొగ ఇంకో శత్రువు. మొదటిదాన్ని ఆపడం ఇంజనీర్ల పని. రెండోదాని దగ్గరే మతం మాట కావాలి, ఎందుకంటే దీపం పూజలో భాగం. ఏ మండపంలో దీపం వెలగాలి, కర్పూర హారతి గర్భగృహ ద్వారం దాటి రావాలా వద్దా, శివరాత్రి రద్దీలో జనాన్ని ఏ దారిన పంపాలి అన్నవి శాస్త్రం తెలిసిన అర్చకుడూ, రంగుల రసాయనం తెలిసిన నిపుణుడూ ఒకే చోట కూర్చుని తేల్చాల్సినవి. రాయి ఒక శాఖ కింద, పూజ ఇంకో శాఖ కింద ఉన్నంతకాలం ఆ కూర్చోవడం జరగదు. తెలిసినవాళ్లను అడగమన్న మయమతం మాటను ముందు అమలు చేయాల్సింది ఇక్కడ, ఈ కప్పు కింద. రాలిన ప్రతి పెచ్చుతో పార్వతీ పరిణయంలో ఒక చుట్టం తగ్గిపోతున్నాడు. వెలుపల కొత్త బండలు ఎక్కించే స్థపతి వాళ్లను తిరిగి పిలవలేడు.